జర్మన్ గంజు

మా వైపు సిల్వరు గిన్నెలను జర్మన్ గిన్నెలు అంటారు. ఎందుకట్లా అంటారని చిన్నప్పుడు అడిగితే, "జర్మన్ల చేస్తరు కాబట్టి" అని నాయనమ్మ ఠక్కున చెప్పింది. ఇంట్లో మేమంతా ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లం. అవ్వ లెక్కలో జర్మన్ అంటే ఒక ఊరు. వరంగల్లుకు అవతల, ఇంకా చాలా అవతల, పొద్దున లేస్తే వాడవాడలా ఠంగు ఠంగుమని గిన్నెలు కొట్టే ఊరు. ఆ ఊరి గంజు ఒకటి ఆమె దగ్గర ఉండేది. గంజు అంటే పది పదిహేను మందికి అన్నం వండే పెద్ద గిన్నె. తాత బతికున్నప్పుడు పరకాలలో కొని నెత్తిన పెట్టుకొని తెచ్చాడట. దాని అడుగు మాడి నల్లబడింది, అంచు ఒకచోట సొట్ట పోయింది. పండుగలకు, పబ్బాలకు వాడకట్టంతా అడిగి తీసుకుపోయేవాళ్లు. అవ్వ కాదనకుండా ఇచ్చేది గానీ, అది తిరిగి వచ్చేదాకా వాకిట్లోంచి లేచేది కాదు.

అట్లాంటి అవ్వ ఇంటికి నిజంగానే ఒక జర్మనీ మనిషి వచ్చి కూచుంటాడని ఎవరనుకున్నారు?

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నేను అప్పుడు జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. కాలేజీ మూతపడింది, బస్సులు బందయ్యాయి. ఆటో ఎక్కి, ట్రాక్టరు ఎక్కి, మళ్లీ ఆటో ఎక్కి, రేగొండ మీదుగా భూపాలపల్లి దగ్గరున్న మా ఊరికి చేరాను. ఊరంటే ఎంత, ఒక పెద్ద వాడ, రెండు చిన్న వాడలు. చుట్టూ ఎర్ర చెలకలు. పత్తి, మిరప, అక్కడక్కడా బావి కింద వరి. ఆ చెలకల కింద బొగ్గుందని చాలా ఏళ్ల కిందే తేల్చారు. పైనుంచి తవ్వుకుంటూ పోయే గని పెడతామన్నారు. ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు రాసిపోయారు. మా గోడ మీద రాసిన గుర్తును అవ్వ పేడనీళ్లతో అలికేసింది. మరుసటి వారం వచ్చి మళ్లీ రాశారు, ఆమె మళ్లీ అలికింది.

మా చెలక గట్టున తాత సమాధి ఉంది. సమాధి అంటే కట్టడమేమీ కాదు. తలాపున ఒక బండరాయి, దాని పక్కన తంగేడు పొద. ప్రతి పెత్తరమాసకు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, అవ్వ అక్కడ దీపం పెట్టి, ఇంత అన్నం పెట్టి వచ్చేది. ఆ రాయి పక్కన మనిషి పట్టేంత జాగా వదిలి చుట్టూ దున్నించేది. బాపు, అంటే మా నాన్న, ఎప్పుడైనా నాగలి అటు తిప్పితే, "గది నా జాగ, జర ఇడిసిపెట్టు" అనేది. మేం నవ్వేవాళ్లం. పొలంలో కొలిచి పెట్టుకున్న ఆ ముక్క తప్ప ఆమె ఎన్నడూ ఏదీ నాది అనలేదని అప్పుడు మాకు తట్టలేదు.

సర్వే చేయడానికి వచ్చిన పిల్లవాడు బావిని రాసుకున్నాడు, మోటారు రాసుకున్నాడు, టేకు చెట్లు రాసుకున్నాడు. అవ్వ అతని చెయ్యి పట్టుకొని గట్టు దగ్గరికి తీసుకుపోయింది.

"గీయన సంగతేంది?" అంది, రాయి చూపించి.

"దీనికి లెక్క లేదవ్వా" అన్నాడు.

"లెక్క అడిగిన్నా నేను? యాడికి తీస్కపోతరని అడిగిన."

ఆ పిల్లవాడికి జవాబు తెలియదు. అతని వెనకున్న పెద్ద సారుకూ తెలియదు. కోపంతో నేను భూపాలపల్లి పోయి ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకాయన కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చి, "అమ్మా, దానికి రూలు లేదు" అన్నాడు. అరిచేవాళ్లతో తగవు పెట్టుకోవచ్చు. మంచినీళ్లిచ్చి రూలు లేదనే మనిషిని ఏం చేయగలం? తాగి వచ్చేశాను.

అందుకే ఊళ్లో అందరికంటే గట్టిగా సమ్మె కోరుకున్నది మా అవ్వ. సమ్మెతో బొగ్గు బావులన్నీ ఆగిపోయాయి. మా ఊరి గని కోసం తెచ్చిన యంత్రం కూడా చెక్కపెట్టెల్లోంచి బయటికి రాలేదు. రోజూ అన్నం తిని, కొంగు నెత్తిన వేసుకొని, రోడ్డు మీద దీక్షల టెంటుకు పోయి ముందు వరసలో కూచునేది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేసిన రోజున తన గంజు కూడా మోయించింది. జై తెలంగాణ అంటే జై అనేది. టెంటులో మైకు పట్టుకునే నాయకుడొకడు, "రాష్ట్రం రానీ అవ్వా, మన భూమి మనదే. ఒక్క గంపెడు మట్టి పోనియ్యం" అన్నాడు. ఆమె ఇంటికి వచ్చి నాతో అన్నది వేరు.

"సమ్మె ఎన్ని దినాలుంటే గన్ని దినాలు మీ తాత ఉంటడు బిడ్డా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె కూడా ఏడుస్తుందని లేచి పశువులకు కుడితి పెట్టాను.

జర్మనీ మనిషి వచ్చింది ఆ రోజుల్లోనే. పెట్టెల్లోని యంత్రాన్ని బిగించడానికి ఆయన్ను పిలిపించారు. వచ్చి దిగేసరికి సమ్మె. గెస్ట్ హౌసులో ఒక్కడే కూచొని కూచొని పిచ్చెక్కిపోతున్నాడట. బాపు ఆ గెస్ట్ హౌసుకు పాలు పోసేవాడు. "నీ బిడ్డకు ఇంగ్లీషు వస్తదట గదా, ఆ సారుకు జర ఊరు చూపియ్యరాదు" అని అక్కడి మేనేజరు అడిగాడు. ఊరిని తవ్వడానికి వచ్చినవాడికి ఊరు చూపించాలట! నాకు ఒళ్లు మండింది. కానీ బాపు పాలు పోసే గేటది, ఏమనను? చూపించాను.

మనిషి పొడుగు, తలంతా తెల్లబడింది, మా ఎండకు ముఖం కందిపోయింది. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషు లాగే కష్టపడి నేర్చుకున్నది, అందుకని ఇద్దరికీ బాగానే కుదిరింది. జనగామ కాలేజీలో నేను నోరు తెరిస్తే సినిమాల్లో రౌడీల్లా మాట్లాడతానని నవ్వే కోస్తా లెక్చరరు ఒకడుండేవాడు. నా యాసను ఎక్కిరించని మొదటి బయటి మనిషి ఈయనే. ఆయనకు అసలు తెలుగే రాదనుకోండి.

ఇంటికి తీసుకొస్తే అవ్వ మంచం వాల్చి కూచోబెట్టింది. ఏ ఊరని అడిగింది. చెప్పాను. అంతే, లోపలికి పోయి గంజు ఎత్తుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"గిది మీ ఊరిదే నాయినా. ఇన్నేండ్లాయె, ఇంకా గట్టిగనే ఉన్నది."

ఆయన గంజును తిప్పి చూశాడు, వేలితో కొట్టి చూశాడు. సంగతి చెప్పేసరికి పగలబడి నవ్వాడు. మా ఊళ్లో గిన్నెలు చెయ్యరని చెప్పమన్నాడు. చెప్పాను. అవ్వ నమ్మలేదు.

"జర్మన్ల జర్మన్ గంజులు చెయ్యకపోతే మరేం చేస్తరట?"

అప్పుడు ఆయన మంచం మీంచి దిగి, వాకిట్లో ఒక పుల్ల తీసుకొని వాళ్ల ఊరి పటం గీశాడు. ముందు ఒక వంకర గీత, అది నది. నది పేరు చెప్పాడు గానీ నా నోటికి పట్టుబడలేదు. దానికి రెండు పక్కలా ఇసుక నేల, చదును. కొండ అన్నది లేదు. చలికాలం పొద్దెక్కేదాకా మంచు, పక్కింటి గోడ కూడా కనబడదు. ఇసుక నేల కావడంతో ఆలుగడ్డ తప్ప పంట సరిగా రాదు. కానీ ఇసుక కింద మంచి బంకమట్టి ఉంది. ఆ మట్టితో ఊరు ఊరంతా ఇంటి పెంకులు చేసేవాళ్లట, తాతముత్తాతల కాలం నుంచి. చుట్టుపక్కల పట్నాల్లో ఏ ఇంటికప్పు చూసినా తమ ఊరి పెంకే అని చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. అవ్వ తలెత్తి మా ఇంటి గూన పెంకుల వైపు చూసింది. అంటే కుమ్మరోళ్ల ఊరన్నమాట అని ఆమె తేల్చుకుంది. గిన్నెల ఊరు కానందుకు కొంచెం చిన్నబోయింది గానీ సర్దుకుంది.

ఆ తర్వాత కథ నేను వాక్యం వాక్యం తెలుగులోకి మారుస్తూ పోయాను. పెంకుల బట్టీలకు కట్టెలు చాలక బంకమట్టి కిందికి తవ్వితే బొగ్గు తగిలింది. మన బొగ్గులాగా నల్లది కాదు, మట్టిరంగు, చేత్తో నలిపితే పొడి అయ్యేది. మొదట బట్టీల కోసం తవ్వారు. తర్వాత రైళ్ల కోసం, తర్వాత కరెంటు కోసం. రెండు యుద్ధాలకు ఊరి పిల్లలు పోయారు, తిరిగి రానివాళ్ల పేర్లు చర్చి ముందు రాతి మీద ఉన్నాయి. యుద్ధాలు పోయినా తవ్వకం ఆగలేదు. గుంత పెరిగి పెరిగి ఊరి కింది వాడ దగ్గరికి వచ్చింది. ఆయన పటంలో కింది వాడ మీద అడ్డంగా పుల్ల గీశాడు. మా నాయనమ్మ ఇల్లు ఇక్కడుండేది అన్నాడు.

"ఇప్పుడేమున్నది ఆడ?" అవ్వ అడిగింది.

బొగ్గు అయిపోయింది. గుంతలో నీళ్లు నింపారు. ఇప్పుడది చెరువు, సెలవు రోజుల్లో జనం పడవలు నడుపుతారు. పనులు లేక పిల్లలంతా పట్నాలకు పోయారు. ఊళ్లో ముసలివాళ్లు, చెరువు మాత్రం మిగిలారు. అందుకే తను ఈ వయసులో కూడా యంత్రాల వెంట దేశాలు తిరుగుతున్నానన్నాడు.

"ఆయనవ్వ ఇంటి మీద పడవలు నడుపుతున్నరా?" అంది అవ్వ. ఇది నేను ఆయనకు చెప్పలేదు. చెప్పకపోయినా, ఆమె ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టే ఉంది.

తర్వాత అవ్వ నా మోచెయ్యి గిల్లింది. "అడుగు బిడ్డా. మరి ఆళ్ల సచ్చిపోయినోళ్లనేం చేసిన్రో అడుగు."

అడిగాను. ఆయన పుల్ల కింద పెట్టాడు. వాడను తవ్వే ముందు శ్మశానం తవ్వారట. ఒక్కో సమాధినీ విప్పి, ఎముకలు ఏరి, చిన్న చిన్న పెట్టెల్లో పెట్టి, రాళ్లతో సహా కొత్త జాగాకు చేర్చారు. తనకప్పుడు చిన్న వయసు, నాయనమ్మ చెయ్యి పట్టుకొని తాత పెట్టె వెనక నడిచాడు. పెట్టె ఇంతే ఉంది అని చేతులతో చూపించాడు. ఆ చేతుల కొలత దాదాపు మా గంజంత ఉంది.

"ఆ అవ్వ ఉన్నదా?"

పోయింది.

"యాడ పెట్టిన్రు? ఆమె మొగని పక్కకేనా?"

పక్కనే, అన్నాడు.

అవ్వ చాలాసేపు తల ఊపింది. "గంతే. గదొక్కటి చేయిస్తే చాలు. ఇల్లు పోనీ, చెలక పోనీ. ఈయన పెద్దసారు గదా, మనకు గూడ గట్లనే చెయ్యమని జర చెప్పుమను."

నేను చెప్పాను. ఆయన ఎర్రబడ్డ ముఖం ఇంకా ఎర్రబడింది. తను యంత్రం బిగించే మనిషి మాత్రమే, ఎక్కడ తవ్వాలో తనకు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు అన్నాడు. అయినా అడుగుతానన్నాడు. నిజంగానే అడిగాడు, మేనేజరు బాపుతో నవ్వుతూ చెప్పాడు, ఆ సారుకు ఎండదెబ్బ తగిలిందని. నాకు ఆ మేనేజరు మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు. పోకపోతే మాత్రం ఏం చేశాను?

కొన్ని రోజులకు సమ్మె విరమించారు. టెంటులో అందరూ అలసిపోయి ఉన్నారు. కొందరు ఏడ్చారు, కొందరు మళ్లీ మొదలుపెడతామని ప్రమాణాలు చేశారు. బొగ్గు బావుల సైరన్ మోగింది. అవ్వ ఖాళీ టెంటులో చివరిదాకా కూచొని, టెంటు గుడ్డ విప్పుతుంటే లేచి వచ్చింది. ఆ వారమే చెక్కపెట్టెలు తెరిచారు.

తవ్వకం మా చెలక దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది. ఈలోపు మమ్మల్ని రోడ్డు అవతల కాలనీకి పంపారు. వరసగా ఒకే తీరు ఇళ్లు, ఇంటి ముందు బోరింగు, బోరింగు పక్క సిమెంటు కాలువ. శ్మశానం కోసం చూపించిన జాగా గుట్ట కింద, అంతా పరుపుబండ. గడ్డపార దిగదు. వానాకాలం పోయాక ఒకరోజు నేను సెలవు మీద ఇంట్లో ఉండగా, అవ్వ గంజు చంకన పెట్టుకొని నన్ను లేపింది.

"పా, పోయొద్దాం. రేపటి సంది ఆడికి పోనియ్యరట."

గట్టు అవతల భూమి అప్పటికే తెగి ఉంది. తంగేడు పొద మీద దుమ్ము. ఎముకల కోసమని నేను పార తీసుకుపోయాను. ఎంత తవ్వినా మట్టే వచ్చింది. తాతను పెట్టి ముప్పై ఏళ్లు దాటింది, మా ఎర్ర నేల దేన్నీ మిగల్చదు. నా చేతులు బొబ్బలెక్కాయి. ఇంకా తవ్వుతానంటే అవ్వే ఆపింది.

"సాలు తియ్. గిదే ఆయన."

తలాపు రాయి దగ్గరి మట్టిని దోసిళ్లతో గంజులోకి నింపింది. మీద పాత చీర ముక్క కప్పి కట్టింది. నెత్తికెత్తుకోబోతే లేవలేదు, నేను ఎత్తుకున్నాను. దారిలో ఆమె ఒకటే చెప్పింది. "నేను పోయినంక గీ మట్టి నా పక్కకు పొయ్యున్రి. ఆ బండల్ల ఒక్కదాన్నే ఉండ." ఎవరికీ చెప్పొద్దంది. ఇంట్లో మట్టి పెట్టుకుంటే బాపు ఏమంటాడో, మా మేనత్త ఏమంటుందోనని ఆమె భయం. గంజు ఆమె మంచం కింద, గోడవైపు చేరింది. పెత్తరమాసకు దీపం మంచం కిందే పెడితే చీర అంటుకోబోయింది. ఆ తర్వాత దీపం మానేసి, పడుకునే ముందు చెయ్యి కిందికి చాపి అంచు తడిమేది.

ఆమె పోయింది కూడా ఒక బందు రోజునే. వారం నుంచి జ్వరంగా ఉందని నర్మెట్ట నుంచి మా మేనత్త, అంటే అవ్వ ఒక్కగానొక్క కూతురు, వచ్చి దగ్గరే ఉంది. నేను జనగామలో ఉన్నాను. పొద్దున్నే బాపు ఫోను చేశాడు. అవ్వ పోయిందన్నాడు, వెనక ఏడుపులు. ఆ గోలలో నాకు ముందు గుర్తొచ్చింది గంజు.

"బాపూ, అవ్వ మంచం కింద జర్మన్ గంజు ఉన్నది. గది తీసి పెట్టు" అన్నాను. ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టి ఉంచమని నా అర్థం.

"సరే బిడ్డా, సరే" అన్నాడు. ఫోను పోయింది.

రోడ్ల మీద చెట్లు కొట్టి అడ్డం వేశారు. నేను జై కొట్టిన ఉద్యమమే, నా తెలంగాణే. ఆపిన ప్రతి పిల్లవాడికీ మా అవ్వ పోయిందని చెప్పుకుంటూ, వాళ్లు "పోనియ్యున్రి, అక్కను పోనియ్యున్రి" అంటూ దారి ఇస్తుంటే, మోటారు సైకిళ్లు మారుకుంటూ వచ్చాను. కాలనీ చేరేసరికి పొద్దు వాలుతోంది. నా కోసమే ఆపి ఉంచారు.

ఇంటి ముందు మూడు రాళ్ల పొయ్యి మండుతోంది. పొయ్యి మీద జర్మన్ గంజు. నీళ్లు ఆవిర్లు కక్కుతున్నాయి.

అత్త నన్ను కావలించుకొని ఏడ్చింది. ఏడుస్తూనే, "నువ్వే చెప్పినవట గద బిడ్డా, గంజు తీసి పెట్టుమని. స్నానానికి నీళ్లు కాగినయ్" అంది.

"అండ్ల మట్టి ఉండె గదత్తా?"

"ఉండె. ముసల్దానికి చివరికి మతి తప్పినట్టున్నది, మట్టి నింపుకొని కూసున్నది. బోరింగు కాడ గుమ్మరించి తోమి తెచ్చిన."

బోరింగు దగ్గరికి పోయాను. పొద్దుటి నుంచి వాడకట్టంతా కాళ్లు కడుక్కున్న చోటది. సిమెంటు కాలువ వెంట నీళ్లు సన్నగా పారుతున్నాయి, అడుగున మట్టి అన్నదే లేదు. కాలువ చివర రోడ్డు కింది తూము దాకా పోయి చూశాను. బాపు వెనకే వచ్చి ఏమైందన్నాడు. చెప్పాను. ఆయన బోరింగు కడ్డీ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. అత్తకు చెప్పొద్దని మాత్రం చేత్తో సైగ చేశాడు. చెప్పడానికి నాకు మాత్రం నోరెక్కడిది? అక్కడ తన అమ్మకు స్నానం చేయించడానికి ఆమె కొంగు బిగించుకుంటోంది.

అవ్వను వాకిట్లో పలక మీద పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ చీర అడ్డం పట్టారు. అత్త చెంబుతో గంజులో నీళ్లు ముంచి, పోయబోయి ఆగింది. చెంబు వెలుతురుకు పట్టి చూసింది.

"అయ్యో, సొట్టల మట్టి ఉండిపోయినట్టున్నది. సరిగ తోమకపోతి. నీళ్లు ఎర్రగున్నయ్ బిడ్డా. పారబోసి మల్ల కాగబెడదామా?"

"వద్దత్తా" అన్నాను. "గా నీళ్లే పొయ్యి."